ఏడో పాఠం పద్నాలుగు నిమిషాలు

కొల్లూరు,
శనివారం, పొద్దున.

చిరంజీవి నిషితకు,

నాన్న దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తున్నాం అని మొదలుపెట్టాలి కదా, మొదలుపెట్టాను. మేం క్షేమమే. ముగ్గురికి ముగ్గురం అన్నం తింటున్నాం, నడుస్తున్నాం, కళ్లతో చూస్తున్నాం. ఈ మూడూ జరుగుతుంటే క్షేమమనే అనాలని ఈ నెలన్నరలో నేను నేర్చుకున్నాను. ఎందుకిలా రాశానో ముందుకు పోతే నీకే తెలుస్తుంది. తొందరపడి ఆఖరి పేజీకి దూకకు. నీ అలవాటు నాకు తెలుసు, కథల పుస్తకమైనా వెనక నుంచే తిరగేస్తావు.

నీ ఉత్తరం గురువారం అందింది. ఆదివారం ఫోన్లో ఐదు నిమిషాలు, నీ వెనక పదిమంది పిల్లల వరస, "జల్దీ కానియ్యే" అని అరుపులు. అందులో ‘తిన్నావా, తిన్నాను’ తప్ప ఇంకేం కుదరదని నువ్వు ఉత్తరాలు మొదలుపెట్టావు చూడు, మంచి పని చేశావు. నేను మాట్లాడేది ఒక తీరు, రాసేది ఒక తీరు, రాస్తే పేపర్లో వార్త చదివినట్టుంటుందని ఎక్కిరించావు. మా సదాశివపేట బడిలో తెలుగు సారు అట్లా నేర్పాడు బిడ్డా. చేతికి పెన్ను వస్తే నా నోరు మారిపోతుంది, ఏం చేయను?

ఈ ఉత్తరం ఇవ్వాళే పోస్టు చేయాలి. సోమవారం సంగారెడ్డిలో ఒక సర్కారు అధికారి ముందు నిలబడి నేనొక మాట చెప్పాల్సి ఉంది. ఆ మాట చెప్పేలోపు ఇది నీ దగ్గరికి బయలుదేరి ఉండాలి. సంగతేమిటో చెప్తాను, ముందు నీ ప్రశ్నలకు జవాబులు రాయనీ.

నాయనమ్మ మోకాలు అట్లాగే ఉంది. లిఫ్టు బాగైందా అన్నావు. బాగైంది, నాలుగు రోజులు నడిచింది, మళ్లీ ఆగింది. ఎనిమిదో అంతస్తు నుంచి నాయనమ్మ దిగక మూడు వారాలైంది. బాల్కనీలో కూర్చుని కింద పోయేవాళ్లను పేరుపెట్టి పిలుస్తుంది, ఒక్కరికీ వినపడదు, అయినా పిలవడం ఆపదు. మీ అమ్మకు కళ్లద్దాలు వచ్చాయి. పెట్టుకున్న రోజు నాయనమ్మ "పంతులమ్మ ఒచ్చిందిరో" అని నవ్వింది. అప్పటి నుంచి తీసి బీరువాలో దాచింది, సూదిలో దారం నన్ను ఎక్కించమంటోంది.

పెంటయ్య కాక సీతాఫలాలు తీసుకుని హాస్టలుకు వస్తానన్నాడు, ఎందుకు రాలేదని అడిగావు. ఊరికి పోయాడని అమ్మ నీకు ఫోన్లో చెప్పింది. ఆ ప్రశ్నకు జవాబు ఆఖర్న రాస్తాను.

ఇక అసలు ప్రశ్న. ఫిజిక్స్ సారు బదిలీ అయి పోయాడు, కొత్త సారు రాలేదు, కంప్యూటర్ గదిలో తెర మీద వీడియో పాఠాలు పెడుతున్నారు అని రాశావు. చూస్తున్నంతసేపు అంతా వచ్చినట్టే ఉంటుందట, లెక్క ముందు కూర్చుంటే చెయ్యి ఆడదట. "నాన్నా, నీకు కంపెనీ ఆన్‌లైన్ కోర్సులో తొంభై రెండు మార్కులొచ్చినయ్ కదా, నోటీసు బోర్డు మీద నీ ఫోటో పెట్టిండ్రు కదా, నీ కిటుకేందో జెర మాకు గూడ చెప్పు, పిల్లలందరికీ చదివి వినిపిస్తా" అన్నావు. ఆ వాక్యం దగ్గర కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మళ్లీ ఇవ్వాళ పొద్దున గానీ తీయలేదు.

కిటుకులు ఉన్నాయి, లేవని అనను. మొదటి నాలుగు పాఠాలు నేను నిజాయితీగానే చదివాను. అప్పుడు నేర్చుకున్నవి రాస్తాను, పిల్లలకు వినిపించు. ఆ తర్వాత రాసేది వినిపిస్తావో లేదో నీ ఇష్టం.

కోర్సు సంగతి నీకు సగమే తెలుసు. మా ప్లాంటులో మందుల పొడి తయారయ్యే పెద్ద పెద్ద ఉక్కు పాత్రలుంటాయి, రియాక్టర్లంటాం. వాటి దగ్గర పనిచేసే ప్రతి మనిషీ భద్రతా కోర్సు పాసవ్వాలని మొన్న ఎండాకాలం అయ్యాక ఆర్డరు వచ్చింది. పన్నెండు పాఠాలు, ప్రతి పాఠం చివర పరీక్ష, అంతా ఫోన్లోనే. పది రోజుల గడువు. ప్లాంటులోకి ఫోన్ పోనివ్వరు, గేటు దగ్గరే పెట్టించుకుంటారు. పన్నెండు గంటల డ్యూటీ, రానూపోనూ కంపెనీ బస్సు, ఇవి పోగా మిగిలిన టైములో చదువుకోవాలన్నమాట.

ఇంట్లో కూర్చుంటే చదువు సాగదు. నేను ఫోన్ గోడకు ఆనించి కూర్చుంటే నాయనమ్మ వచ్చి పక్కన కూర్చునేది. వీడియోలో సారు "మీకు అర్థమైందా?" అనగానే "ఏం అర్థంగాలే బిడ్డా, జెర మెల్లగ జెప్పు" అని జవాబిచ్చేది. నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ కోర్సు మొత్తం మీద సారుకు నిజం చెప్పిన మనిషి మీ నాయనమ్మ ఒక్కతే. ఇంట్లో కుదరక, డాబాకు పోయే మెట్ల మీద కూర్చున్నాను. బట్టలారేసే వాళ్లు తప్ప అటు ఎవరూ రారు. ఒకే చోటు, ఒకే వేళ పెట్టుకుంటే మనసు దానంతటదే అక్కడికి వచ్చి కూర్చుంటుంది.

కొత్తవాడికి పని నేర్పేటప్పుడు మేం ఒకసారి చేసి చూపించి, "ఇగ నువ్ జెయ్" అని పక్కకు జరుగుతాం. వీడియో సారు అట్లా జరగడు, చెప్పుకుంటూ పోతాడు. కాబట్టి మనమే ఆపాలి. నాలుగు నిమిషాలకోసారి ఆపి, తెర మీద చెయ్యి అడ్డం పెట్టి, ఆయన ఏం చెప్పాడో పైకి చెప్పు. పక్కనున్న శ్రీదివ్యకు చెప్పు. చెప్పలేకపోయావంటే నీకు రాలేదనే లెక్క, సిగ్గుపడకుండా వెనక్కి తిప్పు. మీకు అందరికీ ఒకే తెర కాబట్టి ఒక పిల్లను మౌసు దగ్గర కూర్చోబెట్టండి, ఎవరు చెయ్యెత్తినా ఆపాలని ఒప్పందం చేసుకోండి. మొదట రెండు రోజులు ఎవ్వరూ ఎత్తరు. నువ్వు ఎత్తు.

చూస్తూ రాయకు, ఆపి రాయి. చూస్తూ రాస్తే చెయ్యి రాస్తుంది, తల ఖాళీగా ఉంటుంది. ఇంకొకటి, అనుమానం వచ్చిన రోజే మనిషిని అడుగు. మా కోర్సులో వీడియో కింద సందేహాలు రాసే డబ్బా ఒకటుంది. నేను రెండో పాఠంలోనే ఒకటి రాశాను. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది, "మీ సందేహానికి ధన్యవాదాలు" అని. అంతే. అప్పటికి కోర్సే అయిపోయింది.

ఇవీ నా కిటుకులు. ఇవన్నీ పాటించి ఉంటే నాకు తొంభై రెండు వచ్చేది కాదేమో, డెబ్భై వచ్చేది. ఆ డెబ్భై నిజంగా నావి అయ్యేవి.

నీ ఉత్తరం వెనక వైపు చిన్న అక్షరాలతో ఒక మాట రాశావు. ఒకరోజు నువ్వు శ్రీదివ్య హాజరు కూడా పెడతావని, మర్నాడు ఆమె నీది పెడుతుందని, ఆ గంటలో రెండోవాళ్లు బట్టలు ఉతుక్కుంటారని. పక్కన నవ్వు ముఖం గీశావు. బిడ్డా, నా సంగతి సరిగ్గా ఆ బొమ్మ దగ్గరే మొదలవుతుంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. షిఫ్టు మారేటప్పుడు మన జాగాలోకి వచ్చే మనిషిని రిలీవరు అంటాం. వాడు రాకపోతే నడుస్తున్న రియాక్టర్ను వదిలి పోవడానికి లేదు. అట్లాంటప్పుడు మనం ఉండిపోయి, గంట గంటకూ వివరాలు రాసే లాగ్‌బుక్కులో వాడి పేరు మీదే సంతకం పెడతాం. వాడికి గైర్హాజరు పడదు. రేపు మన ఇంట్లో జ్వరమొస్తే వాడు మనకు పెడతాడు. ఇరవై ఏళ్లలో నేను ఎంతమంది సంతకాలు పెట్టానో నాకే గుర్తులేదు, ఒక్కో మనిషి చేతివంపు నాకు వచ్చు. దాన్ని మేం దొంగతనం అనుకోలేదు. దోస్తీ అనుకున్నాం.

కోర్సు ఐదో రోజు మా షిఫ్టు ఇన్‌చార్జి హరినాథ్ సారు అందర్నీ నిలబెట్టాడు. ఆయన తండ్రి తెనాలి వైపు నుంచి సర్కారు ఫ్యాక్టరీలో కొలువుకు వచ్చినాయన. ఈయన ఇక్కడే పుట్టి పెరిగినా మాట మాత్రం ఇంటి మాటే. "ఎలా చేస్తారో నాకు తెలీదయ్యా, శనివారానికి మన షిఫ్టు నూటికి నూరు శాతం అయిపోవాలి. పైనుంచి రోజుకు నాలుగుసార్లు అడుగుతున్నారు" అన్నాడు. ఆ సాయంత్రం బస్సులో పెంటయ్య నా పక్క సీట్లోకి వచ్చాడు. "అన్నా, నువ్వెట్లాగూ సూస్తున్నవ్ గదనే, జెర నాది గూడ ఒత్తు. నాకు సదువు మెల్లగొస్తదని నీకెర్కనేనాయె. ఊరికి పోయినప్పుడు ఆరాంసె కూసొని అన్ని సూస్తా, పాఠాలు ఏడికి పోతయ్?" అన్నాడు. వాడు అడిగితే కాదంటానా? వాడి వెనక ఇంకో ముగ్గురు. టిఫిను సంచిలో నాలుగు ఫోన్లు వేసుకుని ఇంటికి వచ్చాను.

ఆ పాఠాలు ఎట్లుంటాయో తెలుసా? మూడు నిమిషాలకోసారి తెర మీద ‘నేను ఉన్నాను’ అని ఒక బిళ్ల వస్తుంది. నొక్కకపోతే వీడియో ఆగిపోతుంది. మెట్టుకొకటి చొప్పున ఐదు మెట్ల మీద ఐదు ఫోన్లు పెట్టి, ఎక్కుతూ దిగుతూ నొక్కాను. నేను ఉన్నాను, నేను ఉన్నాను, నేను ఉన్నాను. ఐదుగురు సార్లు ఒకేసారి మాట్లాడుతుంటే ఒక్క ముక్క చెవికెక్కలేదు. పరీక్షలకు కూడా ఉపాయం దొరికింది. ముందు నా ఫోన్లో రాస్తే తప్పొప్పులు చూపించేది, ఆ ఒప్పులన్నీ మిగతా నాలుగింట్లో నొక్కేవాణ్ణి. అందుకే వాళ్లకు నూటికి నూరు వచ్చాయి, నాకు తొంభై రెండు. నువ్వు నీ స్నేహితులకు గొప్పగా చెప్పుకున్న మార్కులు అవీ.

ఏడో పాఠం నడుస్తుండగా పెంటయ్య ఫోన్లో ఛార్జింగ్ అయిపోవచ్చింది. దాన్ని ఇంట్లోకి తెచ్చి వంటింట్లో తగిలించి, "ఇది వచ్చినప్పుడల్లా ఒత్తు" అని మీ అమ్మకు చెప్పి మళ్లీ మెట్ల మీదికి పోయాను. మీ అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఒత్తింది. పెంటయ్య ఏడో పాఠానికి హాజరైంది మీ అమ్మ, నిషితా. ఆ పాఠం దేని గురించో ఆమెకు తెలియదు, నాకు తెలియదు, పెంటయ్యకు తెలియదు.

శనివారానికి మా షిఫ్టు నూరు శాతం. నా ఫోటో బోర్డు మీదికెక్కింది. పెంటయ్య అప్పటిదాకా పొడి ఆరబెట్టే గదిలో ఉండేవాడు, సర్టిఫికెట్ వచ్చిందని రియాక్టర్ మీద వేశారు. జిలేబీ పొట్లం తెచ్చి "నీ పుణ్యమే అన్నా" అని నా నోట్లో పెట్టాడు. ఊరికి పోయినప్పుడు పాఠాలు చూద్దామని తెరిస్తే తెరుచుకోలేదట. కోర్సు పూర్తి చేసినవాళ్లకు అది మూతపడిపోతుంది. ఆ సంగతి మాకెవరికీ ముందు తెలియదు.

దసరా సెలవులయి నువ్వు హాస్టలుకు పోయిన ఎనిమిదో రోజు, పట్టపగలు పదకొండింటికి, పెంటయ్య రియాక్టర్లో పొడి పోస్తున్నాడు. లోపల సాల్వెంట్ ఉంది, పెట్రోలులా మండే ద్రవం. ప్లాస్టిక్ సంచిలోంచి పొడి పోసి, అడుగున మిగిలింది కూడా పడాలని సంచిని మూతి దగ్గర పట్టుకుని గట్టిగా దులిపాడు. భగ్గుమంది. ఒక్క మంట, అంతే, లేచి ఆరిపోయింది. నేను రెండు రియాక్టర్ల అవతల ఉన్నాను. ఉరికి పోయేసరికి వాడు రెండు చేతులూ ముఖానికి పెట్టుకుని, "సంచి మంచిగనే దులిపిన అన్నా" అంటున్నాడు.

ప్రాణం దక్కింది. ఒక కన్ను పోయింది, రెండోదానికి వెలుతురు తప్ప ఏమీ ఆనదని హైదరాబాదు డాక్టర్లు చెప్పారు. ఇప్పుడు పటాన్‌చెరులో వాళ్ల కిరాయి గదిలోనే ఉన్నాడు. ఊరికి పోలేదు. అమ్మ నీతో అబద్ధం చెప్పింది, పరీక్షల ముందు నువ్వు పరేషాన్ అవుతావని చెప్పించింది నేనే.

ఇంతవరకైతే ఏడ్చి ఊరుకునేవాణ్ణేమో. మూడో రోజు ఆఫీసులో ఒక కాగితం తయారైంది. సదరు కార్మికుడు భద్రతా శిక్షణ పూర్తి చేసి నూరు మార్కులతో ఉత్తీర్ణుడై, తెలిసి ఉండి కూడా నిబంధనకు విరుద్ధంగా సంచి దులిపినందువల్ల ప్రమాదం జరిగినది అని. కింద సాక్షిగా నా పేరు. నేను పెన్ను పట్టుకుని నిలబడిపోయాను. హరినాథ్ సారు నా ముఖం వైపు చూడకుండా, "పెట్టెయ్ చంద్రకాంత్. అతని సర్టిఫికెట్ అబద్ధమంటే నీది కూడా అబద్ధమే అవుతుంది" అన్నాడు. పెట్టాను. చదవకుండా పెట్టానని నీకు రాయొచ్చు, నువ్వు నమ్ముతావు కూడా. చదివే పెట్టాను బిడ్డా.

పెంటయ్య ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక చూడటానికి పోయాను. వాడి భార్య పుష్పమ్మ నన్ను చూసి కుర్చీ వేసింది, చాయ్ పెట్టింది. ఆ చాయ్ ఎట్లా తాగానో నాకే తెలియదు. ఆమె ఆ కాగితం నకలు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఎర్కలేక చేసిండని రాస్తె ఊకుందునన్నా. నా మొగనికి సదువు రాదు, ఆ మాట అందరికెర్కనే. ఎరికుండి చేసిండని రాసిండ్రు. రేపు నా పిల్లలు సదివి ఏమనుకుంటరు? నాకింకేమొద్దు, ఆ ఒక్క మాట కొట్టేపియ్యుండ్రి" అంది. ఆ కాగితం మీద నా సంతకం ఆమెకు కనపడుతూనే ఉంది. దాని గురించి ఒక్క మాట అనలేదు.

పెంటయ్య ముఖానికి కట్లు. గొంతు మాత్రం అదే గొంతు. "అన్నా, ఆఫీసాయన ఒచ్చిండె. ఏడో పాఠంల సాఫ్ సాఫ్ జెప్పిండ్రు, నువ్ సూసినవ్ గదా అన్నడు. సూసిన సారూ అన్న" అన్నాడు. నా కోసం అన్నాడు, నిషితా. రెండు కళ్లూ పోగొట్టుకుని, నా నౌకరి పోతుందని అబద్ధమాడాడు. తర్వాత నా చెయ్యి తడుముకుని పట్టుకుని మెల్లగా అడిగాడు. "గా ఏడో పాఠంల ఏం జెప్పిండ్రే? నువ్వన్న జెప్పు."

నాకు తెలిస్తే కదా చెప్పడానికి? ఐదు ఫోన్ల మీద దాన్ని నడిపించినవాణ్ణి, అందులో ఏముందో ఒక్క ముక్క చెప్పలేకపోయాను. రేపొచ్చి చెప్తానని లేచి వచ్చాను.

మర్నాడు డ్యూటీ దిగాక హరినాథ్ సారు గదికి పోయి ఏడో పాఠం తెరవమన్నాను. "ఇప్పుడెందుకయ్యా?" అన్నాడు. పెంటయ్యకు చెప్పాలి సార్ అన్నాను. తన కంప్యూటర్లో తెరిచి, లేచి పోకుండా నా పక్కనే కూర్చున్నాడు. నేను నీకు రాసిన పద్ధతిలోనే చూశాను. ఆపి, నోటితో చెప్పి, నోటుబుక్కులో రాసుకుని, మళ్లీ నడిపించి. తొమ్మిదో నిమిషంలో ఒక మనిషి సంచి దులుపుతున్న బొమ్మ వచ్చింది, దాని మీద ఎర్ర గీతలు అడ్డంగా. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనూ ఇప్పుడే చూస్తున్నాను చంద్రకాంత్" అన్నాడు. మొత్తం పద్నాలుగు నిమిషాల పాఠం. మీ అమ్మకు ఆ రోజు చిక్కుడుకాయల ఈనెలు తీయడానికి అంతకంటే ఎక్కువసేపే పట్టింది.

మొన్న బుధవారం పెంటయ్య మంచం పక్కన కూర్చుని ఆ పాఠం మొత్తం చెప్పాను. లోపల సాల్వెంట్ ఉన్నప్పుడు ముందు నిప్పు అంటుకోనివ్వని నైట్రోజన్ గాలి నింపాలి. పాత్రకు, డ్రమ్ముకు తీగ తగిలించి భూమికి కలపాలి. ప్లాస్టిక్ సంచితో నేరుగా పోయకూడదు. పోసినా దులపకూడదు, దులిపితే ప్లాస్టిక్ మీద కరెంటు పుడుతుంది. చలికాలం ప్లాస్టిక్ కుర్చీలోంచి లేస్తే చేతి వెంట్రుకలు నిక్కుతాయే, ఆ కరెంటే. దాని రవ్వ కంటికి కనపడకున్నా సాల్వెంట్ ఆవిరికి చాలు. ఒక్కొక్కటి ఆగి ఆగి చెప్పాను, మధ్య మధ్య తిరిగి చెప్పించాను. బుద్ధిగా చెప్పాడు. అన్నీ వచ్చాయి వాడికి. ఇంత బాగా నేర్చుకునే మనిషికి చదువు రాదని మేమెందుకు అనుకున్నామో తెలియదు.

అంతా అయ్యాక, "మా అయ్య వడ్ల సంచి దులపకుంటె తిడుతుండె, అడుగున గింజలు ఉంచుతవారా అని" అన్నాడు. తర్వాత నా వైపు కాదు, గోడ వైపు తిరిగి, "సంచి దులపొద్దు. గింతేనా అన్నా?" అన్నాడు.

గంతే తమ్మీ అన్నాను.

సోమవారం విచారణకు నన్ను సాక్షిగా పిలిచారు. జరిగింది జరిగినట్టు చెప్దామనుకుంటున్నానంటే పెంటయ్య వద్దన్నాడు. "నీ నౌకరి పోతది, ఆ ముగ్గురిది పోతది, నాకు కండ్లొస్తయా?" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. నేను చెప్పినంత మాత్రాన ఆ మాట కొట్టేస్తారన్న నమ్మకం నాకు లేదు. తెలిసి చేశాడన్నది తీసేసి, దొంగ సర్టిఫికెట్‌తో పనిలోకి వచ్చాడని రాయొచ్చు. ఎటు తిప్పినా తప్పు వాడి పేరు మీదే పడేటట్టుంది. నన్ను బయటికి పంపిస్తారు, ఆ ముగ్గురి ఇళ్లముందు నేను తలెత్తి నడవలేను. మంచి జరుగుతుందని నీకు రాయలేను బిడ్డా, నాకు ఎక్కడా కనపడటం లేదు. పది రోజుల గడువు పెట్టి, ఫోన్లు గేటు దగ్గర గుంజుకుని, నూరు శాతం కావాలన్నది ఎవరో కూడా చెప్తాను. రాసుకుంటారో లేదో తెలియదు.

మరి నీకెందుకు ఇంత రాశానంటే, నన్ను నేను ఎరుగుదును. ముందు కాగితం పెట్టి పక్కన ఒక సారు నిలబడితే నా చెయ్యి దానంతటదే కదులుతుంది. ఇరవై ఏళ్ల అలవాటు. సోమవారం అక్కడ కూడా, "శిక్షణ అందరం తీసుకున్నం సార్" అనేసి వస్తానేమోనని నాకే భయంగా ఉంది. అందుకే ముందే నీ చేతిలో పెడుతున్నాను. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇది పోస్టు డబ్బాలో వేసి వచ్చాక, చిక్కుడుకాయల సంగతితో సహా చెప్తాను. ఆమె ఏమంటుందో తలుచుకుంటే మెట్లు ఎక్కబుద్ధి కావడం లేదు.

శ్రీదివ్యకు నా మాటగా చెప్పు. బట్టలు ఆదివారం ఉతుక్కోవచ్చు. ఆమె కోసం నువ్వు కూర్చోకు, నీ కోసం ఆమెను కూర్చోనివ్వకు. కోపం వస్తే రానీ, నాలుగు రోజుల్లో పోతుంది. చలి ముదిరింది, పొద్దున్నే చన్నీళ్లు పోసుకోకు. దుప్పటి చాలకపోతే రాయి, అమ్మ కుట్టిన బొంత పంపిస్తాను.

వచ్చే నెల రెండో ఆదివారం మమ్మల్ని లోపలికి రానిచ్చే రోజు కదా. వస్తాను. నేను వచ్చి నీ ముందు కూర్చోగానే, ఎప్పటిలాగా తిన్నావా అని అడగకు. చెప్పావా అని అడుగు.

ఇట్లు,
ఈ ఒక్క కాగితం మీద తన సంతకం మాత్రమే పెడుతున్న
మీ నాన్న,
చంద్రకాంత్